దామెర్ల రామారావు గారు బొంబాయి నుంచి తిరిగొచ్చాక ఆ అయిదేళ్లు

#1 – కొత్తకుంచె

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ అయిపోయి ఏడాది అవుతోంది. ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా రమ్మన్నారు, వచ్చే నెల చేరాలి. మా బ్యాచ్ వాళ్లంతా ఒకటే మాట: "అటు వెళ్లావంటే నీ కుంచె ఎండిపోయినట్టే." ఇంట్లో వాళ్లకేమో జీతం వస్తే చాలు. నా మనసు మాత్రం ఎటూ తేలడం లేదు.

పోయిన వారం రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్లి, గోదావరి స్టేషన్ దగ్గర ఉన్న చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీలో ఒక పూట గడిపాను. పుట్టింది 1897 మార్చి 8, పోయింది 1925 ఫిబ్రవరి 6. రెండుసార్లు వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది నిండడానికి ఇంకా నెల ఉంది. బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువు ముగిసింది 1920లో. అంటే ఆయన చేతికి దక్కింది అయిదేళ్లు. అందులోనే 1923లో రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టారు.

నాకు అంతుపట్టనిది అదే. బొంబాయిలో మొదటి స్థానంలో ప్యాసైన మనిషి, బొమ్మలకు కొనేవాళ్లున్న ఊళ్లు వదిలేసి, ఉన్న ఊరికి వచ్చి పిల్లలకు గీతలు దిద్దించడం దేనికి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. నాకు ఇది ఊరికే చరిత్ర ప్రశ్న కాదు.

#2 – గోదారిగట్టు

అమ్మాయ్, నువ్వు 1920 నుంచి మొదలుపెట్టావు గానీ ఈ కథకు అసలు మొదలు పదేళ్లు వెనక ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఓస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషు ప్రిన్సిపాలు ఉండేవారు. థేమ్స్ ఒడ్డున ఉన్న అబింగ్డన్ ఆయన ఊరు. కవిత్వం రాసేవారు, నీటిరంగులు వేసేవారు. తన ఊరి నదినీ మన నదినీ కలిపి పేరు పెట్టుకుని ఒక కవితల పుస్తకం వేశారంటే ఈ నేల ఆయనకు ఎంత పట్టిందో చూడు.

ఆ రోజుల్లో ప్రిన్సిపాలు దొర అంటే పిల్లలకు హడలు. ఈయన మాత్రం బొమ్మలు వేసే పిల్లల్ని, పద్యాలు రాసే పిల్లల్ని వెతికి పట్టుకునేవారు. అడివి బాపిరాజు గారు, కవికొండల వెంకటరావు గారు, వరదా వెంకటరత్నం గారు, అందరూ ఆయన చుట్టూ చేరినవాళ్లే. రామారావు గారు వాళ్లలో చిన్నవాడు. పాఠాల మీద శ్రద్ధ లేదు, పెన్సిలు దొరికితే చాలు. అలాంటి పిల్లాణ్ణి వీపు మీద చరిచి కూర్చోబెట్టే మేష్టర్లు ఊరికి పదిమంది ఉంటారు. "వీడి చదువు ఇదే" అని గుర్తుపట్టినవాడు ఆయనొక్కడే. అజంతా తీసుకెళ్లి చూపించారు. 1916లో బొంబాయి పంపించారు. అక్కడ ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఈ కుర్రాడి బొమ్మలు చూసి, కింది తరగతులు దాటించి పైతరగతిలో కూర్చోబెట్టారు.

ఒక మేష్టారి చూపు ఒక జీవితాన్ని ఎలా తిప్పిందో ఆయన స్వయంగా అనుభవించారు. అలాంటివాడు తిరిగొచ్చి బడి పెట్టాడంటే నాకు ఆశ్చర్యమేమీ లేదమ్మా. పెట్టకపోతేనే ఆశ్చర్యపోయేవాణ్ణి.

#3 – ఏడురంగులు

గోదారిగట్టు గారూ, ఒక సందేహం. రాజమండ్రి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే కదా. మద్రాసులో 1850 నుంచీ ఆర్ట్ స్కూలు ఉంది. రైలెక్కితే దగ్గర. అది వదిలి బొంబాయి ఎందుకు?

#4 – గోదారిగట్టు

మంచి ప్రశ్న అడిగారు. మద్రాసు స్కూలు ఉన్నమాట నిజమేగానీ, అక్కడ పెద్దపీట చేతిపనులకు. చెక్క చెక్కడం, లోహప్పని, నగిషీ. కుంచె పట్టి చిత్రకారుడు కావాలనుకునే కుర్రాడికి అది సరైన చోటు కాదు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారు ప్రిన్సిపాలుగా వచ్చి దాని ముఖం మార్చింది 1929లో. అప్పటికి రామారావు గారు పోయి నాలుగేళ్లు. బొంబాయిలో అయితే మనిషి ఒంటి కొలతలు, వెలుగునీడలు, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయడం, వీటి మీద పట్టు ఎక్కువ. కూల్డ్రే గారికి ఆ తేడా తెలుసు.

ఈ తారీఖుల్లో ఇంకోటి చూడండి. మద్రాసుకు రాయ్ చౌధురి గారు రాకముందు ఆరేళ్ల కిందటే రాజమండ్రిలో ఒక తెలుగువాడు చిత్రకళకంటూ బడి తెరిచాడు. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాయరు. నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ అది.

#5 – పాతపుస్తకాలు

బడి సంగతి ఒప్పుకుంటాను. కానీ కళ విషయంలో కొంచెం నెమ్మదిగా వెళదాం. రామారావు గారి బొమ్మలు చూస్తే పురాణ కథలు, బౌద్ధ కథలు, అజంతా ఛాయలు. ఇదంతా బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూరు మొదలుపెట్టిన దారి. 1922లో రామారావు గారి ఋష్యశృంగుడి బొమ్మకు కలకత్తాలో వైస్రాయ్ బహుమతి వచ్చింది. కలకత్తా మెచ్చిందంటే కలకత్తా దారిలో ఉండబట్టే కదా? మన బందరులోనూ జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ గారు నేర్పింది ఆ శైలే. "ఆంధ్ర శైలి" అని విడిగా ఒకటి ఉందనడం మన ఊరి మీద మనకుండే ప్రేమేమో అనిపిస్తుంది నాకు. కోపం తెచ్చుకోకండి, నిజంగానే అడుగుతున్నాను.

#6 – డ్రాయింగ్ మాస్టారు

పాతపుస్తకాలు గారూ, కోపం దేనికండీ. అడగాల్సిన మాటే. కాకపోతే దీనికి జవాబు కథల్లో దొరకదు, కాగితం మీద నీళ్లలో దొరుకుతుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

బెంగాల్ వాళ్ల పద్ధతిని 'వాష్' అంటాం. 1903లో జపాన్ నుంచి టైకాన్, షున్సో అనే ఇద్దరు చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల పని చూసి, తడి కాగితం మీద రంగు పాకించే పద్ధతిని అవనీంద్రనాథులు తనదైన తీరులో పట్టుకున్నారు. పలకకు అంటించిన కాగితం మీద పలచగా రంగు వేస్తారు. ఆరనిస్తారు. మళ్లీ నీళ్లతో తడుపుతారు. కాగితానికి అంటని రంగు కొట్టుకుపోతుంది, అంటింది మిగులుతుంది. మళ్లీ రంగు, మళ్లీ తడి. ఇలా ఎన్నోసార్లు. చివరికి బొమ్మంతా పొగమంచు కమ్మినట్టు, సంజవేళ కలలో చూసినట్టు వస్తుంది. అంచులు కరిగిపోతాయి. మనుషులు బరువు లేనట్టు ఉంటారు. అందులో గొప్ప అందం ఉంది, కాదనను. నేనూ కొన్నేళ్లు దాని మోజులో పడ్డాను.

ఇప్పుడు రామారావు గారి బొమ్మ ముందు నిలబడండి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మీకు కనబడుతుంది. భుజం భుజంలా ఉంటుంది. నడుము ఒంపు అందం కోసం సాగదీసింది కాదు, లోపల ఎముక ఉన్న ఒంపు. కూర్చున్న మనిషి నేల మీద బరువు మోపి కూర్చుంటుంది. ఇది బొంబాయి చదువు. అక్కడ నేర్చిన కొలతల మీద అజంతాలో చూసిన గీతను తెచ్చి పరిచారు. ఆ రెండూ ఒకచోట అతకడం ఎంత కష్టమో కుంచె పట్టినవాళ్లకు తెలుస్తుంది. కొలత ఎక్కువైతే బొమ్మ ఫోటో అయిపోతుంది, గీత ఎక్కువైతే నగిషీ అయిపోతుంది. ఇరవై మూడేళ్లకు చదువు ముగించినవాడు ఈ సంధి ఎక్కడుందో పట్టుకున్నాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక రంగు. కూల్డ్రే గారు నీటిరంగుల మనిషి అని గోదారిగట్టు గారు చెప్పారు కదా. ఆ ఇంగ్లీషు నీటిరంగుల్లో వెలుగు కాగితం లోంచి రావాలి. ఒక్కసారి వేసి వదిలెయ్యాలి, మళ్లీ మళ్లీ తాకితే బురదవుతుంది. రామారావు గారి గోదావరి దృశ్యాలు, తూర్పు కనుమల దృశ్యాలు అలా వచ్చినవే. మంచు లేదు, ఎండ ఉంది. మన ఎండ. ఏప్రిల్ నెల పొద్దున్న ఇసుకతిన్నెల మీద పడే ఎండ చూసినవాళ్లెవరైనా అది కలకత్తా బొమ్మ అనరు.

కథావస్తువు ఒకటైనంత మాత్రాన దారి ఒకటి కాదండీ. ఒకే కీర్తన ఇద్దరు పాడితే ఇద్దరిదీ ఒకే బాణీ అంటామా?

#7 – పాతపుస్తకాలు

మాస్టారూ, ఈ మాట నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. పుస్తకాల్లో "బెంగాల్ ప్రభావం" అని ఒక వాక్యం ఉంటుంది, దాన్నే అందరూ ఎత్తి రాసుకుంటారు, నేనూ అంతే చేశాను. గీత విషయం ఒప్పుకున్నాను. అయితే దేశమంతా అప్పుడు "మన బొమ్మ మనం వేసుకుందాం" అంటున్న గాలి బెంగాల్ నుంచే వీచింది. ఆ గాలి ఈయనకూ తగిలిందని మాత్రం అంటాను.

#8 – డ్రాయింగ్ మాస్టారు

తగిలింది. అందులో మీతో నాకు పేచీ లేదు. సహాయ నిరాకరణ రోజులు అవి, తగలకుండా ఎలా ఉంటుంది.

#9 – సిద్దిపేటోడు

అందరికి దండాలు. మీ ముచ్చట చదువుతుంటే నాకొక సంగతి యాదికొచ్చింది. రామారావు సారు పోయింది 1925 అన్నరు గదా. గదే ఏడు మా సిద్దిపేటల కాపు రాజయ్య సారు పుట్టిండు. లెక్కకు ఎట్ల కలిసిందో చూడుండ్రి.

రాజయ్య సారు గూడ డ్రాయింగ్ సారే. సిద్దిపేటల పిల్లలకు బొమ్మలు నేర్పుకుంటనే తన బొమ్మలు ఏసిండు. మా దిక్కు నకాషోళ్లు ఉంటరు, చేర్యాల పటాలు ఏసేటోళ్లు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూసి, ఆరినంక ఎర్రటి నేల మీద కథ గీస్తరు. ఆ రంగులు, ఆ గీతల పద్ధతి రాజయ్య సారు తన బొమ్మల్లకు తెచ్చుకున్నడు. బోనాలెత్తిన ఆడోళ్లు, వడ్డెరోళ్లు, జోగమ్మలు – ఇయన్ని బడికి పోతూ వస్తూ తొవ్వల చూసినోళ్లే. పట్నంల ఉంటే ఆ తొవ్వ ఏడ దొరుకుతది?

చెల్లె, నువ్వు కొలువుల చేరితే బొమ్మ పోతదని భయపడుతున్నవు. రాజయ్య సారుకు బొమ్మ దొరికిందే ఆడ.

#10 – ఏడురంగులు

సిద్దిపేట అన్నగారి మాటకు తోడు ఇంకో పేరు. కొండపల్లి శేషగిరిరావు గారు. 1924లో వరంగల్ జిల్లాలో పుట్టారు. హైదరాబాదులో చదువుకున్నాక, నిజాం కాలపు పెద్ద అధికారి మెహదీ నవాజ్ జంగ్ గారు ఆయన ప్రతిభ చూసి శాంతినికేతన్ పంపించారు. అక్కడ నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత? తిరిగి హైదరాబాదే. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. పోతన అనగానే మన కళ్ల ముందుకు వచ్చే రూపంలో ఆయన చేయి ఉంది.

ఇద్దరి కథా పక్కపక్కన పెట్టి చూడండి. రామారావు గారికి కూల్డ్రే, శేషగిరిరావు గారికి నవాజ్ జంగ్. ఒక పెద్దమనిషి చూసి దూరం పంపించాడు, వీళ్లు వెనక్కి వచ్చారు.

#11 – కొత్తకుంచె

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు వాష్ గురించి చెప్పింది రెండుసార్లు చదివి, ఫోనులో తీసుకున్న ఫోటోలు మళ్లీ తిప్పాను. గీత ఎక్కడ ఆగిందో కనబడుతోంది. గ్యాలరీలో ఉన్నప్పుడు ఎందుకు చూడలేకపోయానో!

అయినా నా సందేహం మొత్తం తీరలేదు. పెద్దవాళ్లకు మేలు చేసిన గురువులున్నారు, వాళ్లూ గురువులయ్యారు, అది అర్థమైంది. కానీ రోజులో ఉండేవి అవే గంటలు. పిల్లల గీతలు దిద్దుతూ కూర్చుంటే తన గీత ఎప్పుడు గీశారు? ఆయనకు ఉన్నవే అయిదేళ్లు. ఆ బడి లేకపోతే ఇంకెన్ని బొమ్మలు మిగిలేవో అని నాకు గుండె బరువెక్కుతోంది.

#12 – రేవుదారి

ఈ అమ్మాయి అన్నదే నా మాట కూడా. నేను కళాకారుణ్ణి కాను, చూసేవాణ్ణి మాత్రమే. నా మటుకు నాకు ఆయన బడి పెట్టకుండా ఉంటేనే బాగుండేదనిపిస్తుంది. నేర్పడానికి ఎవరైనా దొరుకుతారు. 'సిద్ధార్థ రాగోదయం' వేయడానికి ఇంకొకరు దొరకరు. బుద్ధుడి కథ తీసుకున్న వాళ్లందరూ ఇల్లు విడిచి వెళ్లే రాత్రి మీద పడతారు. ఈయన సిద్ధార్థుడి మనసులో అనురాగం మొలిచిన ఘడియ ఎంచుకున్నారు. పాతికేళ్ల కుర్రవాడికి తోచవలసిన ఘడియ అది. ఆ బొమ్మ ముందు నిలబడితే ఆయన పోయాడన్న బాధ ఇప్పుడే జరిగినట్టు ఉంటుంది. అలాంటి చేతిని బడిపిల్లల పలకల మీద ఖర్చుపెట్టారు.

#13 – గోదారిగట్టు

రేవుదారి గారూ, మీ బాధలో ప్రేమ ఉంది కాబట్టి గట్టిగా అనలేను. కానీ ఒక్కటి చూడండి. బడి 1923లో. మరుసటేడు, 1924లో, లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆయన బొమ్మలు వెళ్లాయి. బడి ఆయన చేతిని కట్టేస్తే అవి ఎలా వెళ్లేవి?

రెండో మాట. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి ఆయన్ను తీసుకుపోయింది. మామూలుగా ఒక కుర్ర చిత్రకారుడు పోతే ఏమవుతుంది? బొమ్మలు చుట్టాలిళ్లకు తలా ఒకటి పోతాయి. కొన్ని చెదలు తింటాయి. స్కెచ్చుల పుస్తకాలు చిత్తుకాగితాల్లో కలుస్తాయి. ఇరవయ్యేళ్లకు పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. ఈయన విషయంలో అలా జరగలేదు. వరదా వెంకటరత్నం గారు బడిని పట్టుకుని నిలబెట్టారు. స్నేహితుడూ ఆయనే, శిష్యుడూ ఆయనే. భార్య సత్యవాణి గారు బొమ్మల్ని కాపాడుకున్నారు. ఈ రోజు మీరూ ఈ అమ్మాయీ 'సిద్ధార్థ రాగోదయం' ముందు నిలబడగలిగారంటే ఆ బడి ఉండబట్టే. బొమ్మను ఆ బొమ్మ వేసినవాడు ఒక్కడే బతికించలేడండీ, చూడ్డం నేర్చినవాళ్లు చుట్టూ ఉండాలి. ఆయన చేసిన పని అదే.

#14 – రేవుదారి

ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. సరేనండీ.

అయినా ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండా పోవడం మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోలేను.

#15 – గడపముగ్గు

అందరూ మగవాళ్ల పేర్లే చెబుతున్నారు, అందుకని వచ్చాను.

కొత్తకుంచె అమ్మా, సత్యవాణి గారు బొమ్మలు దాచిన భార్య మాత్రమే కాదు. ఆవిడా చిత్రకారిణే. రామారావు గారి చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారూ చిత్రకారిణే. వందేళ్ల కిందట, ఆడపిల్లకు చదువే దండగ అనుకునే రోజుల్లో, ఒక ఇంట్లో భార్యా చెల్లెలూ రంగులు కలిపి సొంతంగా బొమ్మలు వేశారు. వీరేశలింగం గారి ఊరు కదా, అక్కడ ఆ గాలి ఉంది, నిజమే. కానీ గాలి ఉన్నంత మాత్రాన చేతికి కుంచె రాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని "ఇలా పట్టుకో, నీళ్లు తక్కువ తీసుకో" అని చెప్పాలి. నా లెక్కలో ఆయన బడి 1923 కన్నా ముందే ఇంట్లో మొదలైంది.

మా అమ్మ పద్దెనిమిది చుక్కల ముగ్గు కాగితం చూడకుండా వేసేది. చుక్క తప్పితే చెరిపేది కాదు, దాన్నే ఇంకో పువ్వు చేసేది. ఆవిడ చేతిలో ఉన్నది చిత్రకళ అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇద్దరి పేర్లు విన్నప్పుడల్లా మా అమ్మ గుర్తొస్తుంది.

#16 – పాతపుస్తకాలు

గడపముగ్గు గారూ, బుచ్చికృష్ణమ్మ గారి పేరు ఈ చర్చలోకి రావడం చాలా అవసరం. సంతోషం.

గురుశిష్యుల వరసలో బాపిరాజు గారినీ కలుపుకోవాలి. కూల్డ్రే గారి దగ్గర మొదలై, తర్వాత బందరులో ప్రమోదకుమార్ గారి దగ్గర నేర్చి, ఆ బందరు జాతీయ కళాశాలకే ప్రిన్సిపాలు అయ్యారు. జనం ఆయన్ను నవలలతో గుర్తుపెట్టుకున్నారు గానీ ఆయనా బొమ్మలు నేర్పినవాడే. ఒక్క ప్రిన్సిపాలు చుట్టూ చేరిన కుర్రాళ్లలోంచి ఇంతమంది గురువులు పుట్టారు.

#17 – డ్రాయింగ్ మాస్టారు

అమ్మాయి గంటల లెక్క అడిగింది. దానికి నేను సొంత అనుభవంతోనే జవాబు చెప్పాలి.

డ్రాయింగులో లోయరూ హయ్యరూ పరీక్షలు ప్యాసై, వేసవిలో టీటీసీ అనే టీచరు శిక్షణకు వెళ్లి, ఒక హైస్కూల్లో చేరాను. ముప్పై ఒక్క సంవత్సరం అదే పని. చేరిన కొత్తలో నా పీరియడు అంటే ఎవరికీ లెక్కలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు వచ్చి నిలబడేవారు, నేను సుద్దముక్క అక్కడ పెట్టి బయటికి నడిచేవాణ్ణి. వారానికి ఉన్న రెండు పీరియడ్లలో ఒకటి అలా పోయేది. రిపబ్లిక్ డేకి గేటు మీద జెండాలు, ఇన్‌స్పెక్షనుకు గోడల మీద సూక్తులు, వార్షికోత్సవానికి స్టేజీ తెర – అప్పుడు మాత్రం నేను గుర్తొచ్చేవాణ్ణి. మొదటి మూడేళ్లు ఇంటికి వెళ్లి ఒక్క బొమ్మ వేయలేదు. నీ స్నేహితులు చెప్పేది ఆ మూడేళ్ల సంగతి. అది అబద్ధం కాదు.

నాలుగో ఏడు ఒక పిల్లాడు వచ్చాడు. ఏడో తరగతి. వాడికి మట్టికుండ గీయమని ఇచ్చాను. అందరూ కుండ గీశారు, వీడు కుండ మీద నల్లగా ఉన్న మసి గీశాడు. అంచు ఎక్కడా గీయలేదు, మసి చుట్టూ తిరిగొచ్చేసరికి కుండ నిలబడిపోయింది. "ఎవరు చెప్పార్రా ఇలా?" అన్నాను. "ఎవరూ లేదండీ, మా ఇంట్లో ఇలాగే కనబడుద్దండీ" అన్నాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి నేను దీపం కింద మా కుండ పెట్టుకుని గీశాను. తెల్లారిపోయింది.

ఆ తర్వాత గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకూ తెలీదమ్మా, వచ్చాయి. పిల్లలకు నీడ ఎలా పడుతుందో చెప్పాలంటే ముందు నేను ఆ నీడను సరిగ్గా చూడాలి. ఏళ్ల తరబడి రోజూ అలా చూస్తే కన్ను మొద్దుబారదు, ఇంకా పదునెక్కుతుంది. రామారావు గారికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బడిలో పిల్లలు గీసింది నకళ్లు కాదు. ఎదుట ఉన్న మనిషిని, చెట్టును, నదిని చూసి గీయడం. పాపికొండలు చూపించి గీయమనాలంటే ముందు పాపికొండలు తనలో ఉండాలి కదా. నేర్పే చెయ్యీ వేసే చెయ్యీ ఆయనకు ఒకటే.

చేరే ముందు మాత్రం ఒక్క పని చెయ్. పీరియడ్లు నీవి నీకే ఉంటాయని రాతపూర్వకంగా తీసుకో. ఈ ఒక్కటి నేను చేయలేకపోయాను.

#18 – సిద్దిపేటోడు

మాస్టారు, ఆ పిల్లగాడు ఇప్పుడు ఏం జేస్తున్నడు?

#19 – డ్రాయింగ్ మాస్టారు

ఇటుకబట్టీ నడుపుతున్నాడండి. ఇంట్లో గోడ నిండా బొమ్మలే. దసరాకి వచ్చి వెళ్తాడు.

#20 – ఏడురంగులు

రాజమండ్రి వెళ్లేవాళ్లకు ఒక మాట. గ్యాలరీలో చాలామంది పెద్ద బొమ్మలు చూసి వచ్చేస్తారు. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం', ఋష్యశృంగుడి బొమ్మ. అవి చూడాల్సినవే. కానీ ఈ చర్చంతా చదివాక నాకు పెన్సిలు గీతల మీదకు మనసు పోతోంది. నేర్పేవాడి పని అక్కడ తెలుస్తుంది. బొమ్మ పూర్తి చేశాక వేసినవాడు మాయమైపోతాడు, స్కెచ్చులో మాత్రం ఇంకా వెతుకుతూ కనబడతాడు. ఈసారి వెళ్తే ముందు వాటి దగ్గరకే.

#21 – గోదారిగట్టు

నిజం చెప్పారు. వెళ్లేటప్పుడు పొద్దున్నే వెళ్లండి. చూశాక రేవుకు నడవండి. 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన ఇంకా నిలబడే ఉంది. దాని పని మొదలైంది 1897లో, రామారావు గారు పుట్టిన ఏడు. ఆయన చిన్నతనమంతా ఆ వంతెన మీద రైళ్లు చూస్తూ గడిచి ఉంటుందని నాకో ఊహ. అక్కడ కూర్చుంటే ఆయన రంగులు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

#22 – కొత్తకుంచె

నెల దాటింది, మీ అందరికీ చెప్పకుండా ఉండలేక వచ్చాను. చేరాను. మాస్టారు చెప్పినట్టు పీరియడ్ల సంగతి ముందే అడిగాను. హెడ్ మిస్ట్రెస్ గారు కాసేపు నా మొహం చూసి, టైమ్‌టేబుల్ మీద సంతకం పెట్టి ఇచ్చారు.

మొదటి క్లాసు ఆరో తరగతి. డ్రాయింగ్ పుస్తకంలో మామిడికాయ బొమ్మ ఉంది, దాన్ని చూసి దించాలట. పుస్తకాలు మూయించి నలభై ఇద్దరినీ ఆవరణలో వేపచెట్టు కిందకు తీసుకెళ్లాను. "చెట్టు గీయకండి, చెట్టు నేల మీద ఎక్కడ ఆనిందో అది మాత్రం గీయండి" అన్నాను. సగంమంది ఆకులు గీశారు. వెనక వరసలో ఒక పిల్ల వేరు ఒకటి గీసి, దాని మీద నుంచి పోతున్న చీమల బారు గీసి, "టీచర్, చీమలు కదులుతున్నాయి, ఎలా?" అని అడిగింది.

నాకూ తెలియదు. బెల్లు కొట్టేదాకా ఇద్దరం అక్కడే కూర్చుని గీస్తూ ఉన్నాం. రాత్రి ఇంటికొచ్చి ఆ వేరే మళ్లీ వేస్తున్నాను, నీటిరంగుల్లో. మాస్టారూ, చీమలకు కాగితం తెలుపు వదలాలా, పైన వేయాలా?

#23 – డ్రాయింగ్ మాస్టారు

పైనే వెయ్యమ్మా. వేరు రంగు పూర్తిగా ఆరాక, సన్న కుంచెతో, నీళ్లు బాగా తక్కువ తీసుకుని. మూడు చీమలు గట్టిగా వేసి మిగతావాటిని చుక్కలుగా వదిలెయ్, బారు దానంతటదే నడుస్తుంది. అయ్యాక ఇక్కడ పెట్టు. ఆ పిల్ల గీసింది కూడా పెట్టు.